లింగమును మోయు అరచేయి

ఉదయమున స్నానము చేసి, నుదుట విభూతి ధరించి, మెడలోని భరిణె నుండి ఇష్టలింగమును వెలికిదీసి ఎడమ అరచేత నిలుపుకొనుట వీరశైవ గృహములలో నిత్యకృత్యము. కన్నులు లింగముపై నిలుచును. పెదవులపై పంచాక్షరి నడచును. ధ్యానము కుదిరినకొలది చుట్టునున్న ఇల్లు మరపునకు వచ్చును; ఆ లింగమును మోయుచున్న అరచేయియు మరపునకు వచ్చును. పూజావేళ ఇది సహజమే. పూజ ముగిసిన పిదప కూడ ఆ చేయి జ్ఞప్తికి రాకుండుట మాత్రము ఆలోచింపదగిన విషయము.

ఆ అరచేతులను ఒకమారు వరుసగా తలచుకొనవచ్చును. మేడి పట్టి పట్టి కాయలు కాచిన చేయి యొకటి. అంగడిలో తక్కెడ పట్టి అలసిన చేయి యొకటి. నూనె చిట్లి మచ్చలు పడినది, బూడిదతో అంట్లు తోమి తోమి గీతలు నల్లబడినది మరియొకటి. దీక్ష నొసగునపుడు గురువు ఈ చేతులలో ఏది మెత్తన, ఏది గరుకు అని పరీక్షించి లింగమును అనుగ్రహించుట లేదు. చేయి ఎట్లున్నను అది పీఠమే. పండితుని చేతికి ఒక పీఠము, కూలివాని చేతికి మరియొక పీఠము అను భేదమును బసవేశ్వరుని మార్గము ఎరుగదు.

గుడిలో పానవట్టము బీటలు వారినచో ఊరంతయు కలవరపడును. చందాలు వసూలగును, శిల్పికి కబురు పోవును, మంచిరోజు చూతురు. ఇంటిలో ఒకరి మోకాలు మూడేండ్లుగా వాచియున్నచో "వయసు వచ్చింది గదా" అని సరిపెట్టుకొందురు. పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు దేహమే దేవాలయమని బోధించినది ఈ రెండింటి నడుమనున్న అంతరమును తుడిచివేయుటకే. ఆ బోధ సభలలో వినబడినంతగా ఇండ్లలో ఆచరణకు వచ్చినదా?

ఈ ప్రశ్నకు సమాధానము సిద్ధముగనే యుండును. దేహము నీటిబుగ్గ, నేడుండి రేపు పోవునది, దానిని ముద్దుచేయుట సంసారబంధమేకాని భక్తి కాదు. తత్త్వములు పాడువారి తంబురపై, హరికథలలో, చావుఇంటి అరుగుమీద తెలుగువారు ఈ మాటను పసితనము నుండి వినుచునే యుందురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని అస్థిరమన్న మాటకు అల్పమను అర్థము ఎట్లు అంటుకొన్నదో తెలియదు. గూటిలోని ప్రమిద మట్టిదే. చేయి జారినచో పగులును. పగులునని తెలియుట చేతనే ఇల్లాలు దానిని రెండు చేతుల పట్టి తెచ్చును. ఇత్తడి కుందె విషయమున అంత జాగ్రత్త పడదు.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ మరియొకటి కలదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము శివునికై ఏమియైనను ఇచ్చుటకు వెనుదీయని వీరభక్తుల కథలతో నిండియున్నది. శ్రీశైల మల్లికార్జునుని ఆలయమున వీరశిరోమండపము కలదు. దానిని అనవేమారెడ్డి శాలివాహన శకము 1299లో, అనగా క్రీ.శ. 1377లో, కట్టించెను. అచట కొంగవీరులు తమ తలలను, నాలుకలను తరిగి శివునికి అర్పించుచుండిరని శాసనము చెప్పుచున్నది. ఇట్టివారిని కొలుచువారు మోకాలికి తైలము, కాలిపుండుకు కట్టు అని వెంపరలాడుట చిన్నతనము కాదా యని అడుగువారు అడుగుదురు.

ఆ కథల నుండి ఏమి గ్రహింపవలయుననుటలోనే చిక్కున్నది. కన్నప్ప సంగతి చూడదగినది. తమిళుల పెరియపురాణము చెప్పు కథలో లింగము కంట నెత్తురు కారుట చూచి ఆ బోయవాడు వెంటనే తన కన్ను పెరుకుకొనలేదు. మొదట అడవిలోనికి పరుగిడి మూలికలు తెచ్చి పూసి చూచెను. మందు ఫలింపని పిదపనే కంటికి కన్ను అను ఆలోచన అతనికి తోచెను. అతడు మొదట వైద్యుడు. ఆ పిమ్మటనే త్యాగి. మరియు అతడిచ్చినది వేటగాని కన్ను, దూరముననున్న మృగమును పసిగట్టు కన్ను. రెండవ కన్ను పెరుకబోవునపుడు శివుడే అతనిని వారించెను. ముప్పది ఏండ్లు కంటిని నిర్లక్ష్యము చేసి, అది పూర్తిగ మసకబారిన తరువాత "అంతా శివార్పణం" అనుకొను వ్యక్తికిని కన్నప్పకును పోలిక యెక్కడ? శ్రీశైలపు వీరుల కాలము వేరు, వారి తెగువ వేరు. వారిని తూచుటకు నేటివారి త్రాసు చాలదు. వారి పేరు చెప్పి మందుబిళ్ళను ఎగవేయుటకు మాత్రము ఎవరికిని అధికారము లేదు.

కాళిదాసు కుమారసంభవము ఐదవ సర్గలో ఒక ఘట్టమున్నది. పార్వతి శివునికై తపించుచు, రాలిన ఆకులను సైతము తినుట మానివేసి అపర్ణయను పేరు పొందినది. శివుడు బ్రహ్మచారి వేషమున ఆశ్రమమునకు వచ్చెను. వచ్చి మొదట వేదాంతమడుగలేదు. సమిధలు, దర్భలు దొరకుచున్నవా, స్నానమునకు తగిన నీరున్నదా, నీ శక్తికి లోబడియే తపస్సు చేయుచున్నావా అని అడిగెను. శరీరమును గూర్చి ఆయన అచట పలికిన శ్లోకపాదము వ్యాయామశాలల గోడలమీద, వైద్యశాలల గుమ్మములమీద తరచుగ కనబడుచుండును. దానిని అందరు సూక్తిగ వల్లింతురే కాని, ఎవరు ఎవరితో ఏ సమయమున అన్న మాటయో తలచువారు తక్కువ. తన కొరకే కృశించుచున్నదానితో సాక్షాత్తు శివుడన్న మాట అది. పరీక్షించుటకే అడిగెనని వాదింపవచ్చును. కానిండు, అడుగుట మాత్రము అడిగెను.

కాయకమను పదమునకు మూలము కాయ శబ్దము. కాయము లేనిదే కాయకము లేదు. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను, నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. వారి భుజములు, నడుములు, వ్రేళ్ళు పని చేయుట చేతనే దాసోహము సాగినది. ఆ శరణుల చరిత్రలలో కష్టించు దేహమునకు దక్కిన గౌరవము అంతకుముందు పండిత గ్రంథములలో అరుదు. ఇట్టి కాయకమే నేడు దేహమును మరచుటకు సాకుగా మారుట విచారకరము. "పనులున్నవి, ఆసుపత్రికి తీరిక ఏది?" అను మాట రైతు నోటను, వర్తకుని నోటను ఒకే విధముగ వినవచ్చును. ఎద్దు కుంటినచో రైతు కాడి దింపును, పశువైద్యుని ఇంటికి రప్పించును, రాత్రి లేచి లాంతరు పట్టుకొని పోయి దాని గిట్ట చూచును. తన నడుము పట్టినప్పుడు మాత్రము కాడి దింపడు. ఎద్దును వెలయిచ్చి కొన్నందున దానికి విలువ. దేహము ఊరక వచ్చినదను భావమేమో!

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ అందరెరిగినదే. మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చును. లక్కమ్మ వండి జంగమములకు పెట్టును. ఒకనాడు అతడు ఎప్పటికంటె ఎక్కువ తెచ్చినందున అది తమది కాదని, మరల అక్కడనే పోసి రమ్మని ఆమె అతనిని త్రిప్పి పంపెను. ఈ కథను ధనలోభమును ఖండించుటకు చెప్పుదురు. విస్తరి ముందు కూర్చుండినప్పుడు దీనిని తలచుకొనువారు లేరు. ప్రసాదమును పారవేయరాదన్న నియమము గొప్పది. కాని పెండ్లిబంతిలో, మధుమేహమున్నదని తెలిసియు, "ప్రసాదమండీ, కాదనకూడదు" అని మూడవ భక్ష్యమును ఆకులో పడవేయుట ఆ నియమము క్రిందికి రాదు. పారవేయకుండుటకు సులభమైన మార్గము మొదటనే తక్కువ పెట్టించుకొనుట. లక్కమ్మ అయినచో ఆ భక్ష్యమును గంపలోనికే పంపియుండును. ఇక నుదుట విభూతి, బుగ్గన గుట్కా పెట్టుకొని తిరుగువారి సంగతి చెప్పనక్కరలేదు. పొగాకు నమలుట నోటిక్యాన్సరునకు కారణమని రుజువైనది. పాదోదకము స్వీకరించునదియు ఆ నోరే.

అవయవములలో అన్నిటికంటె ఎక్కువ అనాదరమునకు గురియైనవి పాదములు. జంగమము ఇంటికి వచ్చినచో గృహస్థు పీటవేసి, పళ్ళెరము పెట్టి, ఆ పాదములను కడిగి, మెత్తని వస్త్రముతో వ్రేళ్ళ సందులు సైతము తుడిచి పూజించును. పాదోదకము అష్టావరణములలో ఒకటి. పరుల పాదములను ఇంత శ్రద్ధతో కడుగనేర్చిన వ్యక్తి తన అరికాలును చూచుకొని ఎన్ని నెలలైనదో చెప్పలేడు.

ఒక పెద్దాయనను ఊహించుకొనవచ్చును. ఇట్టివారు పెక్కు ఊళ్ళలో కనబడుదురు. వయసు అరువది దాటినది. రాయచూరు దిక్కుననో, ఆదవాని దిక్కుననో ఇల్లు. ఏటేట ఉగాదికి శ్రీశైలమునకు కాలినడకన పోవుట మ్రొక్కు. ఆత్మకూరు దాటి, వెంకటాపురము మీదుగ నల్లమలలోనికి ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను గడచి కైలాసద్వారము చేరు బాట ఆయనకు కన్నులు మూసినను తెలియును. ఎనిమిదేండ్ల క్రితము వైద్యుడు మధుమేహమనెను, ఊరివారు షుగరనిరి. బిళ్ళలు జ్ఞప్తికి వచ్చిన దినమున వేసికొనును. ఆ ఏడును ఎప్పటివలెనే చెప్పులు లేక బయలుదేరెను. ఎండకు తారురోడ్డు కాలిపోవుచున్నది. తోటివారు అంగలార్చుచు నీడకు పరుగిడుచుండగా ఆయన నింపాదిగ నడచుచునే యున్నాడు. అరికాలు బొబ్బలెత్తినది; ఒక వ్రేలిసందున ముల్లు విరిగినది. ఆయనకేమియు తెలియలేదు. తోటివారు కాలినుండి కారు నెత్తురు చూపి భయపడగా, "అంతా మల్లయ్య దయ, నొప్పే లేదు" అని సంతోషించెను.

నొప్పి లేకపోవుట దయ కాదు. అదే వ్యాధి. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి అదుపు తప్పియున్నచో పాదముల చివరనున్న నరములు దెబ్బతినును. తిమ్మిరి, మంట మొదట కనబడి, క్రమముగ స్పర్శయే నశించును. రక్తప్రసారము తగ్గును గనుక పుండు మానదు. చీము పట్టును, ఎముకకు పాకును. పెద్దాయన ఇల్లు చేరిన పదునైదు దినములకు వ్రేలు నల్లబడినది. ఆసుపత్రిలో దానిని తీసివేయవలసి వచ్చెను. "నొప్పి ఉండి ఉంటే మీరే ఆగిపోయేవారు, తాతగారూ. మీ ఆరోగ్యానికి కాపలా ఉన్నది ఆ నొప్పే. అది ఎప్పుడో వెళ్ళిపోయింది, మీరు గమనించలేదు" అని వైద్యురాలు చెప్పినది.

నొప్పిని శత్రువుగ భావించుట లోకుల అలవాటు. దానిని సహించుట వీరత్వమనియు, సహింపనవసరము లేకుండుట దైవకృపయనియు అనుకొందురు. నిజమునకు అది దేహము పెట్టుకొను విన్నపము. ఇంటి ముంగిట నిలచి "అయ్యా" అని పిలుచు అతిథిని పలుకరింపక తలుపు వేసికొనుట శరణుల ఇంట పాపము. దేహము పిలిచినప్పుడు పలుకవలెనన్న ధర్మము మాత్రము ఎవరును చెప్పరు. పిలువలేని స్థితికి వచ్చిన అవయవమును వెదకికొని పోయి చూడవలెను. అంధుడైన అతిథికి ఎదురేగినట్లు.

చేయవలసినది పెద్ద తపస్సేమియు కాదు. రాత్రి పడుకొనుటకు ముందు గోరువెచ్చని నీట పాదములు కడుగుకొనవలెను. పాదమునకు వేడి తెలియదు గనుక నీటిని ముందు మోచేతితో తాకి చూడవలెను. వ్రేళ్ళ సందులలో తడి లేకుండ తుడువవలెను. గోళ్ళను అంచులలోనికి దిగకుండ తిన్నగ కత్తిరింపవలెను. ఇంటిలో సైతము చెప్పులు లేక తిరుగరాదు. పగులో, ఎరుపో, బొబ్బయో కనబడినచో పసుపు అద్ది ఊరకుండక వైద్యుని చూడవలెను. జంగమపాదములకు చేయు సేవ ఎరిగినవారికి ఇందు క్రొత్తగ నేర్వవలసినది లేదు. అదే నీరు, అదే వస్త్రము, అదే శ్రద్ధ.

చెప్పులు తొడిగినచో మ్రొక్కు చెడునా యను సందేహము మిగులును. దీనిని తీర్పవలసినవారు వైద్యులు కారు, మఠములవారు. యాత్రాపథమున అన్నము పెట్టు పుణ్యాత్ములు పెక్కురున్నారు. అన్నము పెట్టుచోటనే పాదములు చూచు మనిషినొకని కూర్చుండబెట్టవచ్చును. "చక్కెరవ్యాధి గలవారు పాదరక్షలతోనే రండి, మల్లికార్జునుడు గర్భాలయ ద్వారముకడ విప్పుమన్నాడే కాని అడవిలో కాదు" అని స్వాములవారు పీఠము మీదినుండి ఒక్కమాట సెలవిచ్చినచో అది పదిమంది వైద్యుల మాటకు సాటి. ఆ మాటయందలి ప్రభావము ఎంతటిదో పెద్దాయన వంటివారి భార్యలకు తెలియును. ఇరువది మార్లు చెప్పి వినిపింపలేకపోయినది వారే.

ఆ భార్యల దేహముల సంగతి వేరుగ చెప్పుకొనవలెను. ఇంటిలో అందరి నలతలను మొదట కనిపెట్టునది ఇల్లాలు. ఆమె నలతను చివరకు కూడ ఎవరును కనిపెట్టరు. క్రొత్తగ వచ్చిన కోడలు "అత్తయ్యా, మీరు తినలేదా?" అని అడుగును. "నాకేమమ్మా, మీరంతా కానివ్వండి, తర్వాత తింటాను" అని అత్త బదులిచ్చును. నాలుగేండ్లు గడచిన పిదప ఆ కోడలే ఆ మాటను నేర్చుకొనును. అడుగునున్న మాడిన అన్నము, తేటబడిన పులుసు, నీరు కలిపిన మజ్జిగ ఆమె వంతు. ఇది ప్రేమవలన జరుగుచున్నదని అందురు. ప్రేమ కలదు, కాని ఒకరి ప్రేమ దినదినము అడుగంటిన గిన్నెలోనే కనబడుట న్యాయము కాదు. దాసోహమున వడ్డించువారికి మిగులనీయకుండ తినుట ఏ శరణుడును నేర్పలేదు.

2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలోను స్థితి ఇంతకంటె మెరుగుగ లేదు. ఆయాసము, కాళ్ళ పీకుడు, తల తిరుగుట, మెట్లెక్కినచో గుండెదడ, వీనిని ఆడవారి సహజలక్షణములుగ ఎంచు ఇండ్లు నేటికిని కలవు. శాకాహార గృహములలో ఈ విషయమున మరింత ఎరుక అవసరము. ఆకుకూరలలోను, రాగులు, సజ్జలు మున్నగు ధాన్యములలోను ఉన్న ఇనుము ఒంటికి పట్టుట కష్టము. భోజనములో నిమ్మరసమో, ఉసిరికాయో ఉన్నచో పట్టుట సులభమగును. తిన్నవెంటనే తేనీరు త్రాగినచో తగ్గిపోవును. ఇక రక్తమునకు, నరములకు కావలసిన బి-12 అను విటమిను శాకాహారులకు ముఖ్యముగ పాలు, పెరుగుల ద్వారమున రావలెను. పెరుగు మగవారికి, పిల్లలకు పోయి, దాని తేట ఎవరికి మిగులునో చెప్పనక్కరలేదు. ఊరగాయ జాడీలో ఉసిరికాయ ఉన్న ఇంట, తోటకూర మడి పెరటనున్న ఇంట, ఇల్లాలు పాలిపోయి తిరుగుచున్నదన్నచో లోటు వస్తువులలో లేదు, వడ్డనలో ఉన్నది. నెత్తురు పరీక్షకు పట్టుకాలము స్వల్పము. ఆ స్వల్పకాలమును ఆమెకై కేటాయించువారు కావలెను.

ఇచట శరణుల మాట ఒకటి తప్పక స్మరింపదగినది. జాతి, జననము, మృతి, ఉచ్ఛిష్టము, రజస్సు అను ఐదు సూతకములను లింగధారులకు వారు తొలగించిరి. లింగము ఉన్నచోట మైల లేదు. ఎనిమిదివందల ఏండ్ల క్రితము స్త్రీ దేహమును గూర్చి ఇంత స్పష్టముగ తీర్పు చెప్పిన మార్గము, దాని వారసుల ఇండ్లలో ఎంతవరకు నిలచినది? నెలలో మూడు దినములు ఆడపిల్లను వసారాలో చాపమీద కూర్చుండబెట్టు అలవాటు ఇరుగుపొరుగులను చూచి ఎన్నో వీరశైవ గృహములలోనికి చొరబడినది. మెడలో లింగమున్న బాలికకు "నిన్ను తాకరాదు" అని చెప్పినచో ఆమె ఏమి గ్రహింపవలెను? లింగము అబద్ధమా, తన దేహము అబద్ధమా? పదమూడేండ్ల వయసున తన దేహమును చూచి తలవంచుకొన నేర్చిన పిల్ల ముప్పదవ ఏట రొమ్ములో గడ్డ తగిలినను ఎవరితోను చెప్పదు. ఈ మౌనమునకు బలియైనవారి లెక్క ఏ మఠపు దస్త్రములోను లేదు.

అద్దము ముందర గంటలు గడుపుట దేహమును ఆదరించుట కాదని వేరుగ చెప్పవలెనా? ఉడుతడి అక్కమహాదేవి అందమును కౌశికుడు కాంక్షించెను. ఆమె అతని ఇంటిని, అతడిచ్చిన వస్త్రములను వదలి, కేశములే కప్పుగా కల్యాణమునకు నడచి, అచటినుండి శ్రీశైల కదళీవనము చేరెను. ఆమె దేహమును ద్వేషించెనని కొందరందురు. ఆ అభిప్రాయము సరికాదు. పరుల చూపు తన దేహమునకు యజమాని యగుటను ఆమె ఒల్లలేదు, అంతే. నేడు పెండ్లిచూపులలో "పిల్ల కొంచెము చామనచాయ" అను ఒక్క మాటకు ఇల్లంతయు కుంగిపోవును. అంగడిలో దొరకు లేపనములు మొగమున రుద్దుదురు. వైద్యుని అడుగక వాడు అట్టి కొన్నిటిలో స్టెరాయిడు కలిసియుండి చర్మము పలుచబడి కమలిపోవుట చర్మవైద్యులు నిత్యము చూచునదే. తన చర్మము తన్ను ఎండవానల నుండి కాచుచున్నదను కృతజ్ఞత లేనివారికే దాని రంగు మీద ఇంత పట్టింపు.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక లోపమున్నది. కాయకమునకు పనికివచ్చును గనుక దేహమును కాపాడుకొనవలెనన్నచో, పనికిరాని దేహము మాటేమి? పక్షవాతము వచ్చి ఎడమచేయి పడిపోయిన వృద్ధురాలు పూజకు కూర్చున్నది. అరచేయి విప్పుకొనదు, లింగము నిలువదు. కుమారుడు ప్రక్కన కూర్చుండి తన చేతిని ఆమె చేతిక్రింద పట్టును. పీఠము క్రింద పీఠము. ఆమె ఇక త్రాడు పేనలేదు, గింజలు ఏరలేదు, వండిపెట్టలేదు. అయినను ఆమె మెడనుండి లింగమును ఎవరును తీసివేయరు. శ్వాస ఆగిన పిదప సైతము ఆమెను కూర్చుండబెట్టి, అరచేత లింగమునుంచియే సమాధి చేయుదురు. వీరశైవ సంప్రదాయములో దేహమునకు గల గౌరవము అది చేయు పనికి కట్టిన కూలి కాదన్నందుకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. ఆ వృద్ధురాలి వీపున పడక పుండ్లు లేకుండ రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పుచున్న కోడలు పూజకు వేళ చాలుట లేదని నొచ్చుకొనును. నొచ్చుకొననవసరము లేదు.

పైని చెప్పిన పెద్దాయన మరుసటి ఉగాదికి దోర్నాల మీదుగ బస్సులో శ్రీశైలము పోయి వచ్చెను. మొదట సిగ్గుపడెను, తోటి యాత్రికులు నడచి వచ్చుచుండగ తాను కిటికీప్రక్క కూర్చుండుట ఆయనకు కష్టమైనది. ఇప్పుడు ఆయన దినచర్యలో ఒక పని క్రొత్తగ చేరినది. ఉదయమున పూజ ముగించి, లింగమును భరిణెలోనుంచి, విభూతి పెట్టుకొను చేతి అద్దమునే నేలమీద వెల్లకిల పెట్టి, దానిపైకి పాదమెత్తి అరికాలు చూచుకొనును. చూపు మందగించినందున మనుమరాలు వచ్చి ప్రక్కన మోకాళ్ళమీద కూర్చుండును.

"మడమ దగ్గర ఎర్రగా ఉంది తాతా."

"ఎంత ఉందే?"

"శనగగింజంత."

ఆయన అద్దమును తుడిచి గూటిలో పెట్టి, చెప్పులు తొడుగుకొని, ఆసుపత్రికి పోవు బస్సు వేళ ఎంతయని కొడుకును కేకవేసి అడిగెను.